‘పంచాయతీ అప్రూవ్డ్’ అంటే అసలు ఏం అప్రూవ్ అయినట్టు?

హైదరాబాద్ నుంచి ఏ దిక్కుకు పోయినా సరే, ఔటర్ రింగ్ రోడ్డు దాటి కాస్త దూరం వెళ్లేసరికి కరెంటు స్తంభాలకు కట్టిన ఫ్లెక్సీలు మొదలవుతాయి. ‘పంచాయతీ అప్రూవ్డ్ ప్లాట్లు. స్పాట్ రిజిస్ట్రేషన్. వంద శాతం వాస్తు.’ ఈ మూడింటిలో చట్టంతో పేచీ లేనిది వాస్తు ఒక్కటే.

2006లో మా బాబాయి అలాంటి ఫ్లెక్సీ చూసే 150 గజాలు కొన్నాడు. ఆ లేఅవుట్ మ్యాప్ ఆయన బీరువాలో ఇప్పటికీ ఉంది. నాలుగు మడతలు పెట్టిన బ్లూప్రింట్ కాగితం, చిరిగిన చోట వెనకనుంచి అంటించిన సెల్లోటేపు. కింద పంచాయతీ గుండ్రటి ముద్ర, దాని మీద ఆకుపచ్చ ఇంకుతో సర్పంచ్ సంతకం. ఈశాన్యం మూల ఒక పెట్టె గీసి లోపల ‘పార్కు’ అని రాశారు. ఆ ముద్రను నమ్ముకుని ఆయన పద్నాలుగేళ్లు నిశ్చింతగా ఉన్నాడు. 2020లో ఎల్‌ఆర్‌ఎస్ (అక్రమ లేఅవుట్లలోని ప్లాట్లను ఫీజు కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకం) గొడవ మొదలయ్యాక కానీ ‘దీనికి పర్మిషన్ ఉన్నట్టా, లేనట్టా?’ అన్న టెన్షన్ పట్టుకోలేదు.

లేనట్టే. ముద్ర నిజమైనదే, సంతకం కూడా ఆ సర్పంచ్‌దే. కానీ ఆ ముద్ర వేసే అధికారం ఆ రోజు ఆ పంచాయతీకి ఒంటరిగా లేదు. తర్వాత రూల్స్ మారి ఆయన ఇరుక్కున్నాడని ఇంట్లో అందరూ అనుకున్నారు. అదీ కాదు. గ్రామ పంచాయతీల్లో లేఅవుట్లకు, ఇళ్లకు నిబంధనలు అవిభక్త ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే వచ్చాయి. లేఅవుట్ వేయాలంటే టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ విభాగం, అంటే డీటీసీపీ, సాంకేతికంగా ఓకే అనాలని అవి అప్పుడే చెప్పాయి. అంటే బాబాయి ప్లాటు కొన్న రోజునే అది అక్రమ లేఅవుట్. ఆ సంగతి అమ్మినవాడికి తెలుసు, సంతకం పెట్టినవాడికీ తెలిసే ఉంటుంది. కొన్నవాడికే తెలియదు.

ఊళ్లో లేఅవుట్ విషయంలో పంచాయతీది చివరి సంతకమే కానీ నిర్ణయం కాదు. దరఖాస్తు పంచాయతీ దగ్గరే మొదలై మళ్లీ పంచాయతీ దగ్గరకే వస్తుంది కాబట్టి అంతా అక్కడే తేలుతుందని చూసేవాళ్లకు అనిపిస్తుంది. మధ్యలో ఆ ఫైలు ఎక్కడెక్కడ తిరుగుతుందో చూస్తే తప్ప ఈ చిక్కు విడదు.

తెలంగాణ సంగతే తీసుకుందాం. ఇక్కడ 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం నడుస్తోంది. ఆంధ్రప్రదేశ్ ఇప్పటికీ 1994 చట్టం కిందే ఉంది, వివరాలు వేరు, కథ మాత్రం దాదాపు ఇదే.

ముందు భూమి. అది రికార్డుల్లో వ్యవసాయ భూమి అయితే ప్లాట్లు చేయడానికి ముందు వ్యవసాయేతర భూమిగా మార్పించాలి. దీన్నే ‘నాలా’ అంటారు. (వర్షపు నీళ్ల నాలాకూ దీనికీ సంబంధం లేదు. వ్యవసాయేతర భూముల మీద పన్ను వేసిన 1963 నాటి పాత చట్టం పేరును ఇంగ్లిష్‌లో కుదిస్తే అలా వచ్చింది, అంతే.) ఇది రెవెన్యూ శాఖ పని, పంచాయతీకి ఇందులో వేలు పెట్టే వీల్లేదు. చాలామంది అమ్మకందార్లు ఈ ‘నాలా’ కాగితాన్నే చూపించి ‘పర్మిషన్ వచ్చేసింది’ అంటారు. నాలా చెప్పేది ఒక్కటే: ఇది ఇక పొలం కాదు. అక్కడ రోడ్డు ఎంత వెడల్పు ఉండాలో, ప్లాట్లు ఎలా కోయాలో అది చెప్పదు.

తర్వాత లేఅవుట్ దరఖాస్తు పంచాయతీకి వస్తుంది. పంచాయతీ దాన్ని పైకి పంపుతుంది. ఊరు హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ పరిధిలో ఉంటే హెచ్‌ఎండీఏకు, లేకపోతే డీటీసీపీకి. అసలు పరీక్ష అక్కడే. మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబర్ ఏ జోన్‌లో ఉంది, మెయిన్ రోడ్డు నుంచి దారి ఉందా, మీద హైటెన్షన్ లైను పోతోందా, పక్క చెరువు పూర్తిగా నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయి, వాగు ఏమైనా అడ్డం ఉందా, ఇవన్నీ చూసి తాత్కాలిక నమూనా ఇస్తారు. దాని ప్రకారం డెవలపర్ రోడ్లు, డ్రెయిన్లు, కరెంటు స్తంభాలు వేయాలి. పని మధ్యలో వదిలేసి పోకుండా 15 శాతం ప్లాట్లు తనఖా పెట్టించుకుంటారు, పని పూర్తయితే విడుదల చేస్తారు. పార్కు స్థలాన్ని, రోడ్లను పంచాయతీ పేరిట రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ రాసివ్వాలి. ఆ తర్వాతే ఫైనల్ లేఅవుట్, దానికో ఎల్పీ (లేఅవుట్ పర్మిట్) నంబర్. తెలిసిన బ్రోకర్‌ను ‘ఎల్పీ నంబర్ ఎంత అన్నా?’ అని అడిగి చూడండి. నంబర్ చెప్పకుండా ‘అదంతా మనం చూసుకుందాం సార్, ముందు సైట్ చూడండి’ అన్నాడంటే సైట్ చూడక్కర్లేదు.

మరి ఇంత తతంగం ఎగ్గొట్టడానికి ఎందుకంత తొందర? ఆఫీసుల చుట్టూ తిరగలేక అని పైకి చెబుతారు. అసలు కారణం గజాల లెక్కలో ఉంది.

నాలుగెకరాల చెలక అనుకోండి. ఎకరానికి 4,840 గజాలు, మొత్తం 19,360 గజాలు. పద్ధతి ప్రకారం పోతే పార్కుకు 10 శాతం, అంటే 1,936 గజాలు వదలాలి. 30 అడుగులు, 40 అడుగుల రోడ్లు వేస్తే లెక్క కోసం 30 శాతం అనుకుందాం, 5,808 గజాలు పోయాయి. అమ్ముకోవడానికి మిగిలేది 11,616. అదే పద్ధతి లేకుండా పార్కు ఎత్తేసి, రోడ్లను 20 శాతానికి కుదించి కోస్తే మిగిలేది 15,488. తేడా 3,872 గజాలు. 150 గజాల చొప్పున దాదాపు 26 ప్లాట్లు. గజం ఎంతకు పోతుందో మీ ఊరి రేటు వేసి చూసుకోండి. ముద్ర కోసం సర్పంచ్ ఇంటి ముందు కార్లు ఎందుకు ఆగేవో తెలిసిపోతుంది.

ఈ 26 ప్లాట్లు ఆకాశం నుంచి ఊడిపడలేదు. కొన్నవాళ్ల పిల్లలు ఆడుకోవాల్సిన జాగా, ఫైరింజన్ తిరగాల్సిన మలుపు అలా ప్లాట్లయ్యాయి. రేపు అక్కడ డ్రెయిన్ పొంగితే వచ్చి పంచాయతీనే తిడతారు. ఆ కాలనీలో వీధి దీపాలు, చెత్త ట్రాక్టరు, నల్లా నీళ్లు అన్నీ పంచాయతీ ఖర్చే. లేఅవుట్ ఎలా ఉండాలో పూర్తిగా తన చేతిలో లేదు, దాని బరువు మాత్రం ఎప్పటికీ తనదే. ఊరి పంచాయతీల విషయంలో నాకు అన్నిటికన్నా అన్యాయంగా కనిపించేది ఇదే.

ఇల్లు కట్టుకోవడం దగ్గరికి వస్తే పంచాయతీకి కాస్త సొంత చెయ్యి ఉంది. 300 చదరపు మీటర్ల విస్తీర్ణం, 10 మీటర్ల ఎత్తు, గ్రౌండ్ ప్లస్ టూ మించని ఇంటికి పంచాయతీయే అనుమతి ఇవ్వొచ్చు. అంతకు మించితే మళ్లీ ఫైలు పైకి పోవాల్సిందే. 300 చదరపు మీటర్లంటే సుమారు 359 గజాలు, ఊళ్లో కట్టే ఇళ్లలో చాలావరకు ఈ లెక్కలోపే వస్తాయి. కానీ ఇక్కడో మెలిక. ఇంటి ప్లాను ఎంత పద్ధతిగా ఉన్నా, అది లేచే ప్లాటు అక్రమ లేఅవుట్‌లో ఉంటే ఇంటికి సక్రమంగా అనుమతి రాదు. పునాది రాయి పద్ధతిగా లేకుండా గోడకు ప్లంబ్ పట్టి ఏం లాభం?

ఈ ఫైలు పట్టుకుని వచ్చే మనిషి పంచాయతీ కార్యదర్శి. ఆయనకో, ఆమెకో టౌన్ ప్లానింగ్‌లో శిక్షణ అంతంత మాత్రం. 2018లో నోటిఫికేషన్ ఇచ్చి తెలంగాణ 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శి పోస్టులు భర్తీ చేసింది, మొదట్లో నెలకు 15 వేల జీతం మీద. పొద్దున్నే వీధులు ఊడ్చిన ఫొటోలు యాప్‌లో పెట్టాలి. నర్సరీలో మొక్కలు లెక్కపెట్టాలి. పల్లె ప్రకృతి వనం, డంపింగ్ యార్డు, వైకుంఠధామం, ఇంటి పన్ను, జనన మరణాల రిజిస్టర్ అన్నీ చూడాలి. ఆ మధ్యలో టేపు పట్టుకుని పోయి ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, అంటే సెట్‌బ్యాక్ కొలవాలి. ఎదురుగా సర్పంచ్ బామ్మర్ది ఇల్లు కడుతుంటే ఆ టేపు ఎంతవరకు తెరుచుకుంటుందో ఊహించుకోవచ్చు. అలాగని వదిలేస్తే తన ఉద్యోగానికే ముప్పు. అనుమతి లేని లేఅవుట్లకు సహకరిస్తే సర్పంచ్, కార్యదర్శి పదవులకే ఎసరు వచ్చేలా 2018 చట్టం రాశారు.

ఇక కాగితాల సంగతి. ఊళ్లో మూడు కాగితాలను జనం ‘పర్మిషన్’ అనుకుంటారు.

మొదటిది రిజిస్ట్రేషన్ దస్తావేజు. సబ్ రిజిస్ట్రార్ చేసేది మీ ఇద్దరి మధ్య జరిగిన అమ్మకాన్ని నమోదు చేయడం. ప్లాటు కోసిన తీరు చట్టబద్ధమేనని ఆయన సర్టిఫికెట్ ఇవ్వడు. ఏళ్ల తరబడి అక్రమ లేఅవుట్ల ప్లాట్లు లక్షల్లో రిజిస్టర్ అయ్యాయంటే కారణం అదే. 2020 ఆగస్టు 26న తెలంగాణ ప్రభుత్వం అలాంటి రిజిస్ట్రేషన్లు ఆపేయమంది. గగ్గోలు పుట్టింది. అంతకుముందే ఒకసారి రిజిస్టర్ అయిన ప్లాట్లకు డిసెంబర్ చివర్లో వెసులుబాటు ఇవ్వాల్సి వచ్చింది. రెండోది ఇంటి నంబర్, ఇంటి పన్ను రసీదు. పంచాయతీ అక్రమ ఇంటి దగ్గరా పన్ను వసూలు చేస్తుంది, వీధి దీపం దాని ముందు కూడా వెలగాలి కదా. పన్ను కట్టినంత మాత్రాన ఇల్లు సక్రమం కాదు, స్థలం సొంతమూ కాదు. మూడోది కరెంటు మీటర్ బిల్లు. దీని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అయినా బ్రోకర్లు అదీ చూపిస్తారు.

పాత ఊరి నడిబొడ్డున ఉన్న గ్రామకంఠం ఇళ్ల కథ వేరు. అక్కడ తాతల కాలం నుంచి ఇళ్లున్నాయి, సర్వే నంబర్ ఒకటే, ఎవరి జాగా ఎంతో కాగితం మీద లేదు. ఆ ఇంటి మీద ఇంకో అంతస్తు వేయాలంటే ‘దస్తావేజు తెండి’ అంటారు. దస్తావేజు ఎక్కడిది? అందుకే 2020 ఏప్రిల్ 24న కేంద్రం స్వామిత్వ పథకం మొదలుపెట్టింది. డ్రోన్లతో ఊరిని కొలిచి ప్రతి ఇంటికీ ప్రాపర్టీ కార్డు ఇవ్వడం దాని ఉద్దేశం.

ఊరి పాలన ఊరిదే అని ఇన్ని మాటలు చెప్పుకుని, ఊళ్లో జాగా విషయంలో ఊరికి ఇంత తక్కువ అధికారం ఎందుకుంది? దీని మూలం రాజ్యాంగంలోనే దొరుకుతుంది. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దాంతో వచ్చిన పదకొండో షెడ్యూల్‌లో పంచాయతీలకు ఇవ్వదగ్గ 29 అంశాలున్నాయి. వ్యవసాయం, చేపలు, ఖాదీ, గ్రామీణ గృహ నిర్మాణం, తాగునీరు, రోడ్లు అన్నీ ఉన్నాయి. భూమిని దేనికి వాడాలి, కట్టడాలను ఎలా అదుపు చేయాలి అన్నది అందులో లేదు. అదే మున్సిపాలిటీల కోసం 74వ సవరణ తెచ్చిన పన్నెండో షెడ్యూల్ తిరగేయండి. 18 అంశాల్లో మొదటిదే పట్టణ ప్రణాళిక, రెండోదే భూ వినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ. ఊరంటే పొలాలు, పట్నమంటే భవనాలు అన్న లెక్కలో రాసుకున్నారు మరి. పట్నం వచ్చి ఊరి మీద పడే రోజు ఒకటుంటుందని వాళ్లు ఊహించలేదు. 

దీని ఫలితం ఎంత గట్టిగా ఉంటుందో చూడాలంటే 111 జీవో ఊళ్లకు వెళ్లాలి. హైదరాబాద్‌కు నీళ్లిచ్చిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడటానికి 1996 మార్చి 8న ఆ జీవో తెచ్చారు. మొయినాబాద్, శంషాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు 84 ఊళ్లు దాని కిందికి వచ్చాయి. లేఅవుట్ వేస్తే విస్తీర్ణంలో 60 శాతం ఖాళీ జాగా, రోడ్లకే వదలాలన్నారు. 90 శాతం భూమి సాగుకు, పచ్చదనానికే ఉండాలన్నారు. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే ఈ ఊళ్లలో రైతు చూస్తూ కూర్చున్నాడు. అయినా ఫంక్షన్ హాళ్లు, ఫామ్‌హౌస్‌లు, కాలేజీలు లేచాయి, చాలావాటికి పంచాయతీ ముద్రే ఆధారం. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆంక్షలు సడలించారు, 2023 మేలో మంత్రివర్గం 111 జీవోను పూర్తిగా ఎత్తేస్తామంది. ఆంక్ష పెట్టేటప్పుడు, తీసేటప్పుడు కూడా నిర్ణయం హైదరాబాద్‌లోనే జరిగింది. జలాశయాలను కాపాడటం సరైన పనే అని నా అభిప్రాయం. అయితే ఊరికి నష్టపరిహారం లాంటిదేదీ చూపకుండా పాతికేళ్లు ‘కట్టొద్దు’ అంటే, చాటుగా కట్టడం తప్ప ఇంకేం జరుగుతుంది?

నీళ్ల దగ్గర నియమాలు నిజానికి చాలా స్పష్టంగా ఉన్నాయి. 2012 నాటి 168 జీవో ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్లు వదలాలి. అంతకన్నా చిన్న చెరువైనా, కుంటైనా 9 మీటర్లు. 10 మీటర్ల కన్నా వెడల్పైన వాగుకు, కాలువకు 9 మీటర్లు, చిన్నదానికి 2 మీటర్లు. చిక్కల్లా ఆ గీత ఎక్కడుందన్నదే. ఎండాకాలంలో కుంట ఎండిపోయి గొర్రెలు మేస్తుంటాయి. కార్యదర్శి అదే నెలలో వచ్చి చూస్తే అది మైదానం. నాలుగేళ్లకోసారి గట్టి వాన పడినప్పుడు కుంట తన జాగా తాను వెతుక్కుంటూ వస్తుంది. 2024 జూలైలో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చి ఔటర్ లోపల చెరువుల్లో కట్టడాలు కూల్చడం మొదలుపెట్టాక ‘మాకు పర్మిషన్ ఉంది’ అని ఎంతమంది కాగితాలు పట్టుకుని ఏడ్చారో టీవీల్లో చూశాం. అదే ఏడాది నవంబర్ 13న సుప్రీంకోర్టు, కూల్చే ముందు కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలని దేశమంతటికీ వర్తించేలా చెప్పింది. కానీ రోడ్డు మీదో, జలవనరు మీదో కట్టినవాటికి ఆ రక్షణ వర్తించదనీ అందులోనే ఉంది.

గ్రామసభ ఏం చేయగలదు అని అడుగుతారు. గ్రామసభ వేరు, పంచాయతీ పాలకవర్గం వేరు. ఊళ్లో ఓటున్న ప్రతి ఒక్కరూ కూర్చునేది గ్రామసభ. గెలిచిన సర్పంచ్, వార్డు సభ్యులు కూర్చునేది పాలకవర్గ సమావేశం. తెలంగాణ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారైనా జరగాలి. ఇల్లు, లేఅవుట్ల అనుమతి గ్రామసభ ఓటింగ్‌తో తేలేది కాదు, అది కాగితాల పని. ఫ్యాక్టరీ లాంటివి వచ్చినప్పుడు మాత్రం జనానికి గ్రామసభ గుర్తొస్తుంది. అప్పటికే ఫైలు ముందుకు పోయుంటుంది. 2014లో వచ్చిన టీఎస్ ఐపాస్ చట్టం పరిశ్రమల అనుమతులన్నీ ఒకే కిటికీకి తెచ్చింది. పెట్టుబడిదారుకు అది సౌకర్యమే, ఊరికి మాత్రం ఆ కిటికీ దూరమైంది. 2024 నవంబర్‌లో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ జాతీయ రహదారి మీద బైఠాయించారు. చివరికి ప్రభుత్వం పనులు ఆపించింది. ఆపింది చట్టంలో గ్రామసభకున్న అధికారం కాదు, రోడ్డు మీద కూర్చున్న జనం.

ఏజెన్సీ ఊళ్లలో లెక్క మళ్లీ వేరు. 1996 నాటి పీసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల) చట్టం అక్కడ గ్రామసభకు ఎక్కువ మాట ఇచ్చింది. భూ బదలాయింపు నియంత్రణ చట్టం వల్ల గిరిజనేతరులు భూమి కొనడమే కుదరదు. కాబట్టి ఉట్నూరులోనో, భద్రాచలం పరిసరాల్లోనో ‘పంచాయతీ అప్రూవ్డ్’ అని ఎవరైనా గిరిజనేతరుడికి ప్లాటు చూపిస్తే ఆ మాట వినడం కూడా దండగ.

ఊళ్లో పాలకవర్గమే లేకపోతే? తెలంగాణలో 2019 జనవరిలో గెలిచిన సర్పంచ్‌ల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2025 డిసెంబర్‌లో. దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారులే నడిపారు. ఒక్కో అధికారికి సొంత శాఖ పనితోపాటు ఊళ్ల బాధ్యత అదనం. నాకు తెలిసిన ఒకాయన ఇంటి అనుమతి కోసం పోతే ‘సార్ మంగళవారం వస్తారు’ అన్నారు. ఏ మంగళవారమో చెప్పలేదు. విసిగిపోయి స్లాబ్ వేసేసుకున్నాడు. అలా అక్రమ కట్టడాల లెక్కలో ఇంకొకటి చేరింది.

పంచాయతీ మున్సిపాలిటీలో కలిసే సమయం మరీ ప్రమాదకరం. 2018 ఆగస్టులో తెలంగాణలో 68 కొత్త మున్సిపాలిటీలు వచ్చాయి. 2024 సెప్టెంబర్‌లో ఔటర్ చుట్టుపక్కల 51 గ్రామ పంచాయతీలను పక్కనున్న మున్సిపాలిటీల్లో కలిపారు. ఊరు మున్సిపాలిటీ అయితే రూల్స్ కఠినమవుతాయి, ఫీజులు పెరుగుతాయి. కాబట్టి విలీనానికి ముందటి వారాల్లో పంచాయతీ ముద్రకు గిరాకీ పెరుగుతుంది. పాత తేదీలు వేసిన అనుమతులు పుట్టుకొచ్చాయన్న ఆరోపణ ప్రతి విలీనం వెనకా వినిపిస్తుంది. అలాంటి కాగితం నిజమో కాదో తేల్చే పద్ధతి ఒకటే. అనుమతి కాగితం మీద తేదీ ఉంటుంది, ఫీజు రసీదు నంబర్ ఉంటుంది. పంచాయతీ క్యాష్ బుక్‌లో ఆ తేదీన ఆ నంబర్‌తో ఆ డబ్బు జమ అయిందో లేదో చూడటమే. సమాచార హక్కు కింద అడిగితే ఇవ్వాలి. మినిట్స్ పుస్తకంలో తీర్మానం తర్వాత ఇరికించి రాయొచ్చేమో కానీ, క్యాష్ బుక్‌లో మధ్యలో గీత దూర్చడం కష్టం.

పంచాయతీ ముద్ర కూడా అక్కర్లేని దారి ఇంకొకటి కనిపెట్టారు. ఫామ్ ప్లాట్లు. 121 గజాలు ఒక గుంట, 40 గుంటలు ఎకరం. భూమిని ప్లాటు అనకుండా పొలంగానే ఉంచి, గజాల్లో కాకుండా గుంటల్లో అమ్ముతారు. నాలా కట్టక్కర్లేదు, లేఅవుట్ దరఖాస్తు లేదు, తహసీల్దార్ ఆఫీసులో వ్యవసాయ భూమిగా రిజిస్ట్రేషన్. ఐదు గుంటల ‘పొలం’ చుట్టూ ప్రహరీ, నాలుగు ఎర్రచందనం మొక్కలు. కాగితం మీద మీరు రైతు. ఇల్లు కడదామని పంచాయతీకి వెళ్తే మాత్రం ‘ఇది వ్యవసాయ భూమి కదా సార్’ అంటారు. ఎక్కడికి పోవాలో ఎవరూ చెప్పరు.

ఎల్‌ఆర్‌ఎస్ దగ్గరికి వద్దాం. 2020 ఆగస్టు 31న 131 జీవోతో తెలంగాణ ప్రభుత్వం అక్రమ లేఅవుట్లలో ప్లాట్లను క్రమబద్ధం చేస్తామంది, 26 ఆగస్టు వరకు రిజిస్టర్ అయినవాటికి. వెయ్యి రూపాయలు కట్టి 25 లక్షలకు పైగా దరఖాస్తులు పెట్టారు. అందులో 10 లక్షలకు పైగా గ్రామ పంచాయతీల నుంచే. ఆ తర్వాత కోర్టు కేసులు, ఎన్నికలు, ప్రభుత్వం మారడం, అన్నీ అయ్యాక 2025లో 25 శాతం రాయితీ ఇచ్చి మళ్లీ కదిలించారు. లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ జాగా వదలకపోయి ఉంటే, ప్లాటు విలువలో 14 శాతం అదనంగా కట్టాలి. దాన్ని ఓపెన్ స్పేస్ చార్జీ అంటారు. అంటే పార్కు మింగినవాడు వెళ్లిపోయాడు, దాని ధర కొన్నవాళ్లు పంచుకుని కట్టాలి. పైగా డబ్బు కట్టినా పార్కు రాదు. క్రమబద్ధీకరణ లేకపోతే లక్షల కుటుంబాలు ఎటూ కాకుండా పోతాయి, నిజమే. కానీ ‘ఎప్పటికైనా ఎల్‌ఆర్‌ఎస్ వస్తుందిలే’ అన్న భరోసాతోనే కొత్త ఫ్లెక్సీలు కడుతున్నారన్నది కూడా నిజమే. ఫ్లెక్సీ కింద చిన్న అక్షరాలతో ‘ఎల్‌ఆర్‌ఎస్‌కు అర్హత ఉంది’ అని వేసినవాళ్లనూ చూశాను. రోగం, మందు ఒకే పొట్లంలో.

బాబాయికి నోటీసు వచ్చినప్పుడు ఈ 14 శాతం దగ్గరే కోపం వచ్చింది. “మా దాంట్లో పార్కు ఉంది కదరా, ఇదిగో మ్యాప్‌లో,” అని ఆ బ్లూప్రింట్ తీశాడు. ఇద్దరం బండి మీద వెళ్లాం. పంచాయతీలో గిఫ్ట్ డీడ్ ఉందా అని అడిగితే ఆస్తుల రిజిస్టర్ తిరగేసి అలాంటిదేమీ లేదన్నారు. డీడ్ రాయనిది అమ్మినవాడి పేరు మీదే ఉంటుంది కదా. మ్యాప్ పట్టుకుని ఈశాన్యం మూల వెతుక్కుంటూ వెళ్తే అక్కడ రెండంతస్తుల ఇల్లు, ముందు తులసి కోట, గేటు పక్కన కొత్తగా రంగు వేసిన పంచాయతీ ఇంటి నంబర్. ఇంటాయన మంచివాడే, కుర్చీలు వేయించి మంచినీళ్లు ఇచ్చాడు. బాబాయి మ్యాప్ విప్పకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంటాయన మాత్రం తన మ్యాప్ తెచ్చి చూపించాడు. అదే లేఅవుట్, అదే గుండ్రటి ముద్ర, ఆకుపచ్చ ఇంకులో అదే సంతకం. ఈశాన్యం మూల పెట్టెలో మాత్రం ‘ప్లాట్ నం. 61’ అని ఉంది.